గాయం సగం రోజుల్లో మానుతుందా? ఆ లెక్క ఎలుకలది

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర. అమ్మకు 54 ఏళ్లు, షుగర్‌కు గోళీలు వాడుతుంది. పద్నాలుగు రోజుల కింద హనుమకొండలో పొట్ట కోసి గర్భసంచి తీసేశారు. పదో రోజు కుట్లు విప్పారు. ఇప్పుడు కింది కొసన వేలిగోరంత నోరు తెరుచుకొని నీరు కారుతోంది. మా చిన్నాయన ప్రోబయోటిక్ క్యాప్సూళ్ల డబ్బా తెచ్చిండు. ముప్పై క్యాప్సూళ్లు, పదకొండు వందలు. వీటితో ఆపరేషన్ గాయం సగం రోజుల్లోనే మానుతుందని ఫోన్‌లో వీడియో కూడా చూపించిండు. వేయొచ్చా? పత్యం మాత్రం గట్టిగా చేయిస్తున్నాం. పప్పు, గుడ్డు, మాంసం, పెరుగు ఏదీ పెట్టడం లేదు.

జవాబు:

మీ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను తమ్ముడూ. దాని సంగతి కాసేపట్లో చెప్తాను. వరంగల్, హనుమకొండల్లో ముప్పై ఏళ్లకు పైగా జనరల్ సర్జన్‌గా చేశాను కాబట్టి ఇలాంటి కుట్ల కొసలు లెక్కలేనన్ని చూశాను. ముందు మీరు అడిగిన ప్రోబయోటిక్ క్యాప్సూల్ గురించి, అంటే మేలు చేసే బతికున్న బ్యాక్టీరియాను నింపిన క్యాప్సూల్ గురించి.

ఆ ‘సగం రోజులు’ అనే మాట ఊరికే పుట్టలేదు. అమెరికాలో ఎంఐటీ అనే విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో ఒక పని ప్రచురించారు. ఎలుకలు తాగే నీళ్లలో లాక్టోబాసిల్లస్ రియూటెరి అనే బ్యాక్టీరియాను కలిపారు. తర్వాత వాటి తోలు మీద చిన్న గాయం చేసి, రోజూ ఎంత పూడిందో కొలిచారు. మామూలు నీళ్లు తాగిన ఎలుకలతో పోలిస్తే వీటికి దాదాపు సగం సమయంలోనే గాయం మానింది. పేగులో ఉన్న బ్యాక్టీరియాకు తోలు మీది గాయంతో ఏం పని? వాళ్లకూ అదే అనుమానం వచ్చింది. వెతికితే దారి వేగస్ నరం దగ్గర దొరికింది. పేగులకూ మెదడుకూ మధ్య కబుర్లు మోసే పెద్ద నరం అది. ఆ కబురు అందాక ఒంట్లో ఆక్సిటోసిన్ పెరిగింది, దాంతో గాయం దగ్గర వాపు తొందరగా అణిగి పూడటం మొదలైంది. ఆ నరాన్ని తెంపేసిన ఎలుకల్లో ఈ లాభం కనబడలేదు. ఆక్సిటోసిన్ తయారు కాని ఎలుకల్లోనూ కనబడలేదు. ఆక్సిటోసిన్ అంటే కొత్త మందేమీ కాదు. కాన్పు గదిలో నొప్పులు రావడానికి, కాన్పు తర్వాత రక్తం ఆగడానికి ఇచ్చే ఇంజెక్షన్ అదే.

చాలా అందమైన పరిశోధన. చదివినప్పుడు నాకూ ఉత్సాహం వచ్చింది. కానీ ఎలుక తోలు కింద పల్చటి కండర పొర ఒకటి ఉంటుంది. గాయమైతే ఆ పొర ముడుచుకొని అంచులను దగ్గరికి లాగేస్తుంది, సంచి నోరు తాడుతో బిగించినట్టు. మనిషి పొట్ట మీద అలాంటి పొర లేదు. మనకు గాయం అడుగు నుంచి ఎర్రటి కొత్త కండ పుట్టి, పైకి వచ్చి, దాని మీద తోలు పాకాలి. ఒక్కో మిల్లీమీటరుకూ సరుకు కావాలి. పైగా ఆ ఎలుకలకు షుగర్ లేదు. పత్యం అసలే లేదు.

మనుషుల మీద ఏమీ లేదా అంటే ఉంది. 2018లో ఇరాన్ వాళ్లు, షుగర్ వల్ల పాదానికి పుండు పడిన 60 మందిని తీసుకొని సగం మందికి 12 వారాలు ప్రోబయోటిక్ ఇచ్చారు. వాళ్ల పుండ్లు పొడవులో, వెడల్పులో, లోతులో ఎక్కువ తగ్గాయి. ఇదీ వీడియోల్లో తిరుగుతుంటుంది. అయితే అదే పరిశోధనలో వాళ్ల పరగడుపు షుగర్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా తగ్గాయి. మరి పుండు తగ్గింది బ్యాక్టీరియా గాయానికి చేసిన మేలుతోనా, షుగర్ దిగడంతోనా? 60 మందితో ఆ చిక్కు విప్పలేం. నన్నడిగితే షుగర్ వైపే ఎక్కువ మొగ్గుతాను.

ఆపరేషన్ గాయాలకు సంబంధించి నాకు గట్టిగా అనిపించేది గ్రీస్ వాళ్ల పని, 2015లో వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకునే 164 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు నాలుగు రకాల ప్రోబయోటిక్‌లు కలిపి ఇచ్చారు. ఇవ్వని వాళ్లలో 20 శాతం మందికి కోత దగ్గర ఇన్ఫెక్షన్ వస్తే, ఇచ్చిన వాళ్లలో 7 శాతం మందికి వచ్చింది. చిన్న తేడా కాదిది. ఇక్కడ రెండు సంగతులు గమనించండి. ఒకటి, అది పేగు కోసిన ఆపరేషన్. పేగు కోసినప్పుడు, దానికి తోడు రోజుల తరబడి నోటికి తిండి లేనప్పుడు, పేగు లోపలి గోడ బలహీనపడి లోపలి సూక్ష్మజీవులు బయటికి జారుకుంటాయి. మంచి బ్యాక్టీరియా ఆ గోడను కాస్త కాపాడుతుందని ఆశ. రెండు, క్యాప్సూళ్లు మొదలుపెట్టింది ఆపరేషన్‌కు ముందు రోజు. మీ అమ్మగారిది గర్భసంచి ఆపరేషన్, ఇప్పటికే పద్నాలుగు రోజులైంది. తెరుచుకున్న నోటిని ఈ క్యాప్సూల్ మూస్తుందని చూపించిన పరిశోధన ఏదీ నా కంట పడలేదు.

అందరికీ ఒకేలా పనిచేయదని చెప్పడానికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. ఒడిశా పల్లెల్లో 4,556 మంది పసిపిల్లలకు పుట్టిన తొలి రోజుల్లోనే వారం పాటు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌లో ఒక రకాన్ని, దానికి ఆహారంగా ఒక చక్కెర పదార్థాన్ని కలిపి ఇచ్చారు. సెప్సిస్ (ఒళ్లంతా దెబ్బతీసే తీవ్రమైన ఇన్ఫెక్షన్) లేదా చావు, రెండూ కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి దిగాయి. 2017లో వచ్చిందీ ఫలితం. ఎంతో పెద్ద విషయం. కానీ ఆ రకాన్ని ఎన్నో రకాలు పరీక్షించి ఏరుకున్నారు, ఆ వయసు పిల్లలకే ఇచ్చారు. మెడికల్ షాపులో దొరికే డబ్బా మీద ‘లాక్టోబాసిల్లస్’ అని ఉన్నంత మాత్రాన అదీ ఇదీ ఒకటి కావు. ఊళ్లో ఇద్దరి ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన ఇద్దరూ ఒకే పని చేస్తారా?

ఇక నష్టం సంగతి. నెదర్లాండ్స్‌లో క్లోమం తీవ్రంగా వాచిన రోగులకు ఇన్ఫెక్షన్ రాకుండా ప్రోబయోటిక్ ఇచ్చి చూశారు. 2008లో ఫలితం వచ్చేసరికి డాక్టర్లందరం ఉలిక్కిపడ్డాం. ఇచ్చిన వాళ్లలో 16 శాతం మంది చనిపోయారు, ఇవ్వని వాళ్లలో 6 శాతం. ఐసీయూలో ఉన్నవాళ్లకు, మెడ దగ్గర పెద్ద రక్తనాళానికి సెలైన్ గొట్టం ఉన్నవాళ్లకు, క్యాన్సర్ మందులతో రోగనిరోధక శక్తి పడిపోయిన వాళ్లకు సొంతంగా ప్రోబయోటిక్ వేయకూడదు. ముఖ్యంగా ఈస్ట్ రకం. అది నేరుగా రక్తంలోకి చేరిన కేసులున్నాయి. మీ అమ్మగారు ఇంట్లో తిరుగుతున్నారు, నోటితో తింటున్నారు కాబట్టి ఆ భయం అక్కర్లేదు. క్యాప్సూల్ వేస్తే వచ్చే నష్టం చాలావరకు పదకొండు వందలే.

ఒక చోట మాత్రం నేనూ రాస్తాను. యాంటీబయోటిక్‌తో విరేచనాలు పట్టుకుంటే, లేదా ఇంతకు ముందు అలా పట్టుకున్న వాళ్లైతే. అక్కడ దీనికి ఆధారం బాగానే ఉంది. యాంటీబయోటిక్ వేసుకున్న రెండు గంటల తర్వాత వేసుకోవాలి, లేకపోతే ఇది కడుపులోకి పోవడం, అది చంపేయడం ఒకేసారి జరుగుతాయి. అయితే మీ అమ్మగారి చీటీలో యాంటీబయోటిక్ పేరు చివర ‘ఎల్‌బి’ అని ఉందేమో చూడండి. మన దగ్గర చాలా గోళీల్లో ముందే కొంత బ్యాక్టీరియాను కలిపి అమ్ముతారు. ఆ తోక అర్థం అదే. అట్ట వెనుక ‘లాక్టోబాసిల్లస్ స్పోరోజెనిస్’ అని ఉండొచ్చు. అది పాత తప్పుడు పేరు, అసలు పేరు బాసిల్లస్ కోయాగ్యులాన్స్. అది ఉన్నాక పైన ఇంకో డబ్బా దేనికి?

ఇప్పుడు పత్యం.

చిత్రం చూడండి. పెరుగు మాన్పించి, పెరుగులో ఉండే జాతి బ్యాక్టీరియానే డబ్బాలో కొనుక్కొచ్చారు. కొలిచి, పరీక్షించిన రకం కాదు కాబట్టి ఇంటి పెరుగును ప్రోబయోటిక్ మందు అనలేం, నిజమే. ఒక ఇంటి తోడుకూ ఇంకో ఇంటి తోడుకూ పోలిక ఉండదు. కానీ దాంట్లో మాంసకృత్తులు, అంటే ప్రొటీన్లు ఉన్నాయి, క్యాప్సూల్‌లో అవి లేవు. గాయానికి కావలసిన సరుకు అంటే అదే.

చాలా ఏళ్ల కింద ములుగు వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. పేగుకు చిల్లు పడితే ఆపరేషన్ చేశాం. నలభై రోజులైనా గాయం పూడలేదు. చీము పెద్దగా లేదు, కానీ అడుగు తెల్లగా, నీరసంగా ఉంది, కొత్త కండ రావడం లేదు. నేను యాంటీబయోటిక్ మార్చాను. పది రోజులకు మళ్లీ మార్చాను. మూడోసారి చీటీ రాయబోతుంటే మా డ్రెస్సింగ్ సిస్టర్ నెమ్మదిగా అన్నది, “సార్, ఆ టిఫిన్ మూత ఒక్కసారి తీసి చూడండి.” తీశాను. తెల్లన్నం, ఒక మూలకు ఎర్రగా ఎల్లిపాయ కారం. అంతే. మూడు పూటలా అదే. ఆయన భార్యను అడిగితే, “పప్పు పెడ్తే చీము పడ్తదంట కద సారూ, గుడ్డు వేడి చేస్తదంట” అన్నది. ఇంట్లో కోళ్లున్నాయి. గుడ్లు అమ్మి ఆ డబ్బులతో నేను రాసిన మందులు కొంటోంది. రక్త పరీక్ష చేయిస్తే రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే మాంసకృత్తు 2.1 ఉంది, కనీసం 3.5 ఉండాలి. కాళ్ల వాపు నేను గమనించాను గానీ ఎందుకో ఆలోచించలేదు. ఆ రోజు నుంచి రోజూ మూడు గుడ్లు, రెండు పూటలా పప్పు. రెండు వారాలకు గాయం అడుగు మక్క గింజల్లాంటి ఎర్రటి బొడిపెలతో నిండింది. డ్రెస్సింగ్ తీస్తుంటే కొద్దిగా రక్తం చిమ్మింది. గాయానికి అది శుభవార్త. అప్పటి నుంచి నేను టిఫిన్ డబ్బా చూడకుండా చీటీ రాయలేదు.

చీము పప్పు వల్ల రాదు. బ్యాక్టీరియాతో కొట్లాడి చచ్చిన తెల్ల రక్తకణాలే చీము. ఆ తెల్లకణాలు తయారు కావాలన్నా మాంసకృత్తులే కావాలి. వెనకటికి గాయమైతే దాదాపు ప్రతిదానికీ చీము పట్టేది, ముందు రోజు ఏం తిన్నారో దాని మీద నింద పడేది అని నా ఊహ. పప్పు పచ్చగా ఉండటం కూడా దాని ఖర్మే అనుకుంటా.

లెక్క వేద్దాం. ఆపరేషన్ తర్వాత కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అమ్మగారు 60 కిలోలనుకుంటే 72 నుంచి 90 గ్రాములు. రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకుని కారంతో తింటే వచ్చేది ఇరవై గ్రాముల పైచిలుకు. మిగతా యాభై ఎక్కడి నుంచి రావాలి? రెండు గుడ్లతో 12, రెండు పూటలా గట్టి పప్పుతో 13, ఒక పెద్ద గిన్నె పెరుగుతో 9 లేదా 10, వంద గ్రాముల కోడి కూరతో 25. ఇప్పుడు ఎనభై దాటింది. శనివారం, సోమవారం మాంసం ముట్టరనుకుంటే గుప్పెడు మీల్ మేకర్ వేసి కూర వండండి, ముప్పై గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో 15 గ్రాములుంటాయి. పాయ సూపు తాగిస్తున్నాం కదా అంటారు చాలామంది. సూపు వాసన బాగుంటుంది గానీ బలం ముక్కలో ఉంది, నీళ్లలో కాదు. కిడ్నీ సమస్య ఉండి క్రియాటినిన్ ఎక్కువగా ఉంటే మాత్రం ఈ లెక్క చెల్లదు, డాక్టరును అడిగి పెట్టండి.

మీ ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే ఒప్పుకోరు, నాకు తెలుసు. ఎదురు వాదిస్తే పని కాదు. పెసరపప్పు కట్టుతో మొదలుపెట్టండి, దానికి ఎవరూ పెద్దగా అభ్యంతరం చెప్పరు. రెండో రోజు చల్ల, మూడో రోజు పెరుగు. తర్వాత గుడ్డు. నాలుగు రోజులకు గాయం పాడవలేదని వాళ్లే చూస్తారు. పెరుగుకు జలుబు చేస్తుందని అంటే పగటి పూట పెట్టండి. మజ్జిగ పులుసు కాచినా మాంసకృత్తులు ఎక్కడికీ పోవు. బతికున్న బ్యాక్టీరియా మాత్రం మరిగితే చస్తుంది, అంతే తేడా. జామకాయ రోజుకొకటి ఇవ్వండి, సి విటమిన్ లేకపోతే కొత్త కండకు పట్టు రాదు.

ఈ పత్యంలో ఇంకో చెడ్డ పని దాగి ఉంది. పప్పు, గుడ్డు తీసేశాక ఆకలికి అన్నమే ఎక్కువ పెడతారు. అంటే షుగర్ ఉన్న మనిషికి మూడు పూటలా పిండి పదార్థమే. షుగర్ 180 దాటి ఉంటే తెల్లకణాలు మత్తెక్కినట్టు తిరుగుతాయి, బ్యాక్టీరియా ఎదురుగా ఉన్నా సరిగ్గా పట్టుకోలేవు. ఆపరేషన్ ఒత్తిడికి షుగర్ దానంతటదే పెరుగుతుంది, రోజూ వేసుకునే గోళీలు చాలకపోవచ్చు. రేపు పరగడుపున ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి చూపించండి. ఎక్కువుంటే కొన్ని వారాలు ఇన్సులిన్ ఇస్తారు. ఇన్సులిన్ మొదలుపెడితే జీవితాంతం అని టెన్షన్ పడకండి, గాయం మానాక చాలామందికి మళ్లీ గోళీలకే వస్తాం.

ఆ వేలిగోరంత నోరు సంగతి. చూడకుండా నేను తేల్చి చెప్పలేను గానీ, కొసన, పద్నాలుగో రోజున, జ్వరం లేకుండా నీరు కారుతుంటే ఎక్కువసార్లు రెంటిలో ఒకటి. తోలు కింద కొవ్వు కరిగి చేరిన నీరు, లేదా లోపలి పొరకు వేసిన దారం ముడి. పొట్ట లోపలి పొరకు కరగని నీలం రంగు దారం వాడి ఉంటే ఆ ముడి కొసన గుచ్చుకుంటూ ఉంటుంది. అది లోపల ఉన్నంతకాలం గాయం మూసుకుంటుంది, మళ్లీ తెరుచుకుంటుంది. ఎన్ని క్యాప్సూళ్లు మింగినా ముడి కరగదు. సర్జన్ సన్నటి పరికరంతో లోతు చూసి, ముడి దొరికితే బయటికి లాగి కత్తిరిస్తారు. నా చేతిలో అలాంటివి చాలావరకు వారం లోపే మూసుకున్నాయి. అందుకని ఆపరేషన్ చేసిన వాళ్ల దగ్గరికే వెళ్లి, “లోతు ఎంత ఉంది, లోపల దారం ఉందా?” అని అడగండి. అవసరమనిపిస్తే ఆ నీటిని, ఏ బ్యాక్టీరియా ఉందో చూసే కల్చర్ పరీక్షకు పంపమనండి. ఊరికే ఇంకో యాంటీబయోటిక్ రాయించుకుని రావద్దు.

అప్పటిదాకా సెలైన్‌తో కడిగి, శుభ్రమైన గాజ్ గుడ్డ (డ్రెస్సింగ్ బట్ట) పెట్టండి. పసుపు, పొడి మందు, డెట్టాల్, నురగ వచ్చే పెరాక్సైడ్ ఏదీ లోపల పోయొద్దు, కొత్తగా పుట్టే కండను కూడా దెబ్బతీస్తాయవి. పొట్ట మడత కింద చెమట చేరితే రోజుకు రెండుసార్లు ఆరబెట్టండి. ఎండాకాలం మన దగ్గర ఆ మడతే సగం పుండ్లకు మూలం.

కింది వాటిలో ఏది కనబడినా మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు: నోటి చుట్టూ ఎరుపు రోజురోజుకూ పాకడం, చెడు వాసన, చలి జ్వరం, గాయం పెదవులు విడిపోవడం, లేదా మాంసం కడిగిన నీళ్ల లాంటి లేత ఎర్రటి నీరు ఒక్కసారిగా బట్ట తడిసేలా రావడం. ఆ చివరిది లోపలి కుట్లు విడిపోతున్న గుర్తు. శుభ్రమైన తడి గుడ్డ కప్పి, పడుకోబెట్టి, నేరుగా ఆసుపత్రికి తీసుకురండి.

చిన్నాయన మనసు నొప్పించకండి, ఆయన ప్రేమతోనే తెచ్చాడు. డబ్బా సీలు తీయకపోతే వాపసు తీసుకుంటారేమో అడగండి, ఆ డబ్బుతో చాలా రోజులకు సరిపడా గుడ్లు వస్తాయి. సీలు తీసి ఉంటే, యాంటీబయోటిక్ వాడినన్ని రోజులు వేసి మిగతాది పక్కన పెట్టండి. సర్జన్ చూశాక లోతు ఎంత అన్నారో, షుగర్ ఎంత వచ్చిందో ఇక్కడే రాయండి. రేపు మధ్యాహ్నం అన్నంలోకి ఏం పెట్టారో కూడా రాయండి.